కావాలనే చేశాడు టీచర్!

ఇంటర్వెల్ గంట కొట్టాక ఏ బడి ఆవరణలోనైనా వినిపించే ఫిర్యాదే ఇది. "వీడు నన్ను కావాలనే తోశాడు టీచర్!" తోసినవాడేమో కాలు జారిందని మొత్తుకుంటాడు. చాలామంది పిల్లలు వాడి బిక్కమొహం చూసి సరిపెట్టుకుంటారు, కాసేపటికి ఇద్దరూ కలిసి ఆడుకుంటారు. కొందరు మాత్రం ఆ మొహం చూడరు. ముందు చెయ్యి లేస్తుంది. ఆ తర్వాత 'రౌడీ' అని పేరు పడుతుంది.

ఆ చెయ్యి ఎందుకు లేస్తుందో కెన్నెత్ డాడ్జ్, జాన్ బేట్స్, గ్రెగరీ పెటిట్ అనే పరిశోధకులు అమెరికాలో పిల్లలనే అడిగి చూశారు. 309 మంది నాలుగేళ్ల పిల్లలను ఎంచుకుని, తోటివాళ్ల మధ్య వచ్చే తగువుల గురించి ఆరా తీశారు: వాడు ఎందుకలా చేశాడు? నువ్వైతే ఏం చేస్తావు? ఇంట్లో గట్టి దెబ్బలు తిన్న పిల్లల్లో మూడు విషయాలు బయటపడ్డాయి. అసలేం జరిగిందో సరిగా గమనించరు. ఎదుటివాడిది దురుద్దేశమే అనుకుంటారు. తగువు తీర్చుకునే మంచి దారి వాళ్లకు తట్టదు. 1990లో 'సైన్స్' పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి.

అలాగని వాళ్లకు మొహాలు చదవడం రాదనుకుంటే పొరపాటే. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో సేత్ పోలక్, పవన్ సిన్హాతో కలిసి 2002లో ప్రచురించిన ప్రయోగంలో, మసకగా మొదలై మెల్లగా తేటపడే ముఖచిత్రాలను పిల్లలకు చూపించారు. దెబ్బలు తిన్న పిల్లలు కోపాన్ని మిగతావాళ్లకంటే ముందే, బొమ్మ ఇంకా మసకగా ఉండగానే పోల్చుకున్నారు!

గుమ్మంలో చెప్పుల చప్పుడు వినగానే ఇవాళ వీపు పగులుతుందో లేదో పసిగట్టాల్సిన పిల్లవాడికి ఆ నేర్పు అవసరమే. చిక్కల్లా అదే నేర్పుతో ఆటస్థలంలో అడుగుపెట్టినప్పుడు వస్తుంది.

ఇవి ఎక్కడో అమెరికా గొడవలే అని పక్కన పెట్టడానికీ లేదు. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు శారీరక హింసకు గురైనట్టు తేలింది. సర్వే జరిగిన 13 రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. బడిలో పిల్లలను కొట్టకూడదని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతున్నా, బెత్తం ఇంకా పూర్తిగా మాయం కాలేదు. ఇంట్లో దెబ్బలు తిన్నవాడికి బడిలోనూ అదే దక్కితే, అందరూ కొట్టేవాళ్లే అన్న వాడి లెక్క తప్పని ఎవరు చెప్పగలరు?

ఈ లెక్కను మార్చే ప్రయత్నాలూ జరిగాయి. సింథియా హడ్లీ, శాండ్రా గ్రాహం 1993లో ప్రచురించిన అధ్యయనంలో, తరచూ కొట్లాటకు దిగే అమెరికా నల్లజాతి బాలురకు ఎదుటివాడి ఉద్దేశం పోల్చుకోవడం నేర్పారు. అనుకోకుండా జరిగినదాన్ని ఎలా గుర్తించాలి, తెలియనప్పుడు ఏం చేయాలి అన్నవే పాఠాలు. శిక్షణ తర్వాత ఆ పిల్లలు ఎదుటివాడికి దురుద్దేశం అంటగట్టడం తగ్గింది. "ఎందుకు కొట్టావురా?" అని గద్దించే ముందు, "వాడు ఎందుకు తోశాడనుకున్నావు?" అని అడగడానికి మన బడుల్లో ప్రత్యేక పీరియడ్ అక్కర్లేదు, ఇంటర్వెల్ చాలు.