గోడ మీద బొమ్మ, ఒంటి మీద రంగు

ఈమధ్య ఏ ఊరికి వెళ్ళినా గోడలనిండా బొమ్మలే. స్థానిక సంస్కృతి, జాతీయ వారసత్వం అని వాటికి పెద్ద పెద్ద పేర్లు. మంచిదే లెండి, సినిమా పోస్టర్లకంటే, కిళ్ళీ మరకలకంటే బొమ్మ ఎంతో నయం! కానీ నాకో చిన్న పేచీ ఉంది. ఆ బొమ్మల్ని ఎవరో వచ్చి గీసి వెళతారు. మనం ఆటోలోంచి ఓ చూపు చూసి పోతాం. అంతటితో సరి.

ఊరంతా కలిసి బొమ్మ వేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే వేసవిలో తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరకు రావాలి. అక్కడ మనిషి ఒళ్ళే పటం. బైరాగి వేషానికి తెల్లటి నామంకొమ్ము, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. అన్నీ ఇంట్లో, వీధికొట్లో దొరికే రంగులే. రోజుకో రంగుతో ఊరు మారిపోతుంది. ఇంత తక్కువ సరంజామాతో ఇంత పని చేసే చిత్రకారుణ్ణి నేనెరగను.

ఆ రంగుల వెనక కథ ఉంది. ఆడపిల్లల్ని చెరిచే ఓ పాలెగాడు గంగమ్మ మీదికీ వచ్చాడట. ఆమె నిజరూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. రోజుకో వేషం కట్టి వెతికి, చివరికి దొర వేషంలో వాణ్ణి బయటికి రప్పించి తల నరికింది. మర్నాడు మాతంగి వేషంలో వెళ్ళి వాడి భార్యను ఓదార్చింది అంటారు. ఈ ఓదార్పు దగ్గరే నాకు కథ మీద గౌరవం రెట్టింపయింది.

ఈ వేషాలు కట్టేది కైకాల కుటుంబం మగవాళ్ళు. మొక్కుకున్న మగవాళ్ళు కూడా చీరలు కట్టి, పూలు పెట్టుకుని వీధుల్లో నడుస్తారు. ఏడాదంతా "ఆడంగి" అని వెక్కిరించే నోళ్ళు ఆ వారం మూతపడతాయి!

చివరిరాత్రి గుడిముందు మట్టితో అమ్మవారి విశ్వరూపం చేస్తారు. తెల్లవారేలోగా దాని చెంప నరుకుతారు. ఆ మట్టికోసం జనం ఎగబడతారు. గోడబొమ్మ రెండు వానలకి వెలిస్తే ఎవరికీ పట్టదు. ఈ బొమ్మ మాత్రం విరిగాకే ఇల్లిల్లూ చేరుతుంది.

మరి గోడబొమ్మలు వద్దంటానా? అననండీ. పక్కనున్న శ్రీకాళహస్తిని చూసి నేర్చుకోమంటాను. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గుర్రప్పశెట్టి గారి ఊరది. అక్కడి పాత కలంకారీ పటాల్లో బొమ్మతో పాటు కథను తెలుగులో రాసేవారు. చూసినవాళ్ళు చదువుకునేవారు, చదవలేనివాళ్ళు అడిగి తెలుసుకునేవారు. గంగమ్మను పసుపుముఖంతో, పెద్ద కళ్ళతో ముచ్చటగా గీసి, పాలెగాడి ఊసే ఎత్తకపోతే మన ఆడపిల్లలకి ఏం అందినట్టు?

అందుకే, మీ వీధిగోడకి సున్నం కొడుతుంటే ఊరుకోకండి. పిల్లల్ని వెంటబెట్టుకెళ్ళి, "ఏ కథ గీస్తున్నారు నాయనా?" అని అడగండి. వాళ్ళకి తెలియకపోతే మీరే చెప్పండి.