మీటరుకు 3 వోల్టులు: ఒక ప్రమాణముపై విమర్శ

శరీరమునకు రోగనిరోధక శక్తి ఎట్లో, ఎలక్ట్రానిక్ పరికరమునకు రేడియో తరంగముల నిరోధశక్తి అట్టిది. సమీపమున ప్రసారిణి పనిచేయుచున్నను పరికరము తన పనిని తప్పు లేక చేయవలెను. ఈ శక్తిని పరీక్షించుటకు అంతర్జాతీయ విద్యుత్సాంకేతిక సంఘము 61000-4-3 అను ప్రమాణమును ప్రకటించినది. భారతదేశములో దీనిని ఐ.ఎస్. 14700 శ్రేణిలో స్వీకరించిరి. ఇందు క్షేత్ర తీవ్రత మీటరుకు 1, 3, 10, 30 వోల్టులుగా నిర్ణయింపబడినది. ఈ అంకెలు ప్రకృతి నియమములా, మనుష్యుల ఒడంబడికలా?

ఇవి పుట్టినది కర్మాగారములలో. చేతి వాకీటాకీలు వాడుకలోనికి వచ్చిన పిదప, ఉష్ణమును, పీడనమును కొలుచు పరికరములు వాటి సమీపమున తప్పు రీడింగులు చూపజొచ్చెను. 1978లో అమెరికాలోని శాస్త్రపరికర నిర్మాతల సంఘము 3, 10, 30 అను మూడు తరగతులను ఏర్పరచినది. 1984లో అంతర్జాతీయ సంఘము పారిశ్రామిక నియంత్రణ పరికరముల కొరకు 801-3 అను ప్రమాణమును వెలువరించి, 1, 3, 10 అను స్థాయిలను పెట్టినది. అంతకు ముందటి యేడే, ధర్మపురికి దిగువన గోదావరి ప్రాంతములో, రామగుండము థర్మల్ విద్యుత్కేంద్రపు మొదటి యూనిట్ ఆరంభమైనది. ఈ ప్రమాణము దృష్టిలో నుంచుకొన్నది అట్టి స్థలములనే.

అంకెల వెనుక ఉన్న గణితము ఉన్నత పాఠశాల విద్యార్థికి అందునదే. ప్రసారిణి సామర్థ్యమును వాట్లలో తీసికొని, దాని వర్గమూలమును 7తో గుణించి, మీటర్లలోని దూరముతో భాగించిన, ఆదర్శ స్థితిలో క్షేత్ర తీవ్రత సుమారుగా లభించును. ధర్మపురి పుష్కరఘట్టమున ఒక రక్షకభటుని చేతిలో 5 వాట్ల వాకీటాకీ ఉన్నదనియు, చెంతనున్న ప్రథమచికిత్స శిబిరములో హృదయ స్పందనను చూపు యంత్రము ఉన్నదనియు అనుకొనుడు. 5 మీటర్ల దూరమున తీవ్రత 3.1 వోల్టులు; 1 మీటరు దూరమున 15.7 వోల్టులు. 3 వోల్టుల పరీక్షలో నెగ్గిన యంత్రము మొదటి చోట నిలువవచ్చును; రెండవ చోట నిలుచునన్న హామీ లేదు.

ఇక గుణదోషములు. ప్రమాణము తన హద్దును దాచలేదు. 2 వాట్లు లేక అంతకు మించిన చేతి ప్రసారిణులు 1 మీటరు కంటె దగ్గరకు రాని చోటులకు 10 వోల్టుల స్థాయి తగినదని దాని అనుబంధమే చెప్పుచున్నది. 2 వాట్లకు 1 మీటరు దూరమున లెక్క 9.9 వోల్టులు వచ్చును గనుక ఈ మాట సమంజసము. 1984 నాటి పరీక్షలో మార్పు లేని తరంగమునే వాడిరి. నిజమైన ప్రసారములో తీవ్రత హెచ్చు తగ్గులగును. అర్ధవాహక సంధులు ఆ హెచ్చుతగ్గులను పట్టి తప్పుడు సంకేతములుగా మార్చును. 1995లో తరంగమును 1000 హెర్ట్జ్ ధ్వనితో 80 శాతము మాడ్యులేషన్ చేయవలెనని చేర్చి ఆ లోపమును సవరించిరి.

అసలు దోషము అంకెలలో కాక వాటిని వాడు తీరులో నున్నది. కర్మాగారములో "దగ్గరకు రావద్దు" అని బోర్డు కట్టవచ్చును. రోగి ఒడిలోని ఫోనుకు బోర్డు కట్టుట ఎట్లు? విద్యుత్ చక్రాల కుర్చీలు రేడియో తరంగములకు లోనై తమంతట కదలిన సంఘటనల పిమ్మట, 1994లో అమెరికా ఆహార, ఔషధ పాలన సంస్థ వాటికి 20 వోల్టుల నిరోధశక్తిని సూచించినది. వైద్య పరికరములకు 1993లో నిర్ణయించినది 3 వోల్టులే. ఇంట వాడు వైద్య పరికరములకు 10 వోల్టులు, సమీప ప్రసారిణుల విషయమున కొన్ని పౌనఃపున్యములకు 28 వోల్టుల వరకు పరీక్ష 2014లో వచ్చినవి. కర్మాగారపు అంకె రోగి మంచము చెంతకు తగినట్లు మారుటకు రెండు దశాబ్దములు పట్టినది.

ఉపాధ్యాయులు ఈ సూత్రముతో తరగతిలో లెక్కలు చేయింపవచ్చును. "పరీక్షలో నెగ్గినది" అను ముద్ర కనబడినపుడు విద్యార్థి అడుగవలసినవి రెండు ప్రశ్నలు: ఎన్ని వోల్టులకు నెగ్గినది? ప్రసారిణి ఎంత దూరమున ఉండునని తలచి ఆ అంకెను పెట్టిరి?