వాన కుచ్చులు

వారం రోజులుగా నా బల్ల మీద రెండు కర్రలు, వాటి మధ్య బిగించిన పదహారు నూలు పోగులు. పేక లేదు, నాడె లేదు. పోగుల్ని పోగుల మధ్యే దాటించాలి. దాటించిన ప్రతి వరుసకీ సన్నపుల్ల అడ్డం పెట్టాలి. పైన నేను అల్లుతుంటే, నా చెయ్యి సోకని కింది కొసన అదే అల్లిక తిరగబడి తనంతట తనే పుడుతోంది. మూడో రోజు ఒక పుల్ల జారింది. చూస్తుండగానే అంతా విడిపోయి ఉత్త పోగులైంది. చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాను.

అమెరికాలో అరిజోనా ఈశాన్యాన, బల్లపరుపు గుట్టల మీద బతికే హోపీల పెళ్లి నడికట్టుది ఈ పనితనమే. వాళ్ల మాటలో వుకోక్వేవ, అంటే పెద్ద నడికట్టు. తెల్లగా, జడ అల్లినట్టు ఉంటుంది. అల్లకుండా వదిలిన పోగులే కొసల్లో పొడవాటి కుచ్చులు. కుచ్చుల పైన మొక్కజొన్న పొత్తి పొరలు చుట్టి, వాటి మీద నూలు బిగించిన బంతులు.

ఆ కుచ్చులు వానధారలు. ఏడాదికి 250 మిల్లీమీటర్లు కురిస్తే సంతోషించే నేల అది. మొక్కజొన్న వాన మీదే పండాలి. ఒకప్పుడు పత్తీ వాళ్లే పండించుకునేవారు, మూడు నెలలకు కాస్త అటూఇటూగా కాయ పగిలే రకం. అవాటోవి అనే పాడుబడ్డ హోపీ ఊళ్లో 1935–39 మధ్య తవ్వితే బయటపడ్డ గోడబొమ్మల్లో సైతం మనుషుల నడుములకు ఇలాంటి కుచ్చుల కట్లున్నాయి.

నన్ను అన్నిటికంటే కదిలించింది అల్లే చేతులు. హోపీల్లో నేత మగవాళ్లది. పాత ఆనవాయితీలో పెళ్లికూతురు వరుడి ఇంటికొచ్చి రోజుల తరబడి మొక్కజొన్న విసురుతుంది. ఆ ఇంటి మగవాళ్లు, మామగారి దగ్గర్నుంచి చుట్టాల దాకా, కీవా అనే నేలగదిలో కూర్చుని పత్తి ఏకి, వడికి, ఆమెకు రెండు తెల్లని దుప్పట్లు నేస్తారు, ఈ నడికట్టు అల్లుతారు. వారాలు పడుతుంది. అవి పూర్తయ్యేదాకా ఆమె అక్కడే. కొత్త కోడలి కోసం ఇంటిల్లిపాది మగవాళ్లు పోగులు పట్టుకుని కూర్చోవడం నాకు ఎంతో గొప్పగా తోచింది. పెళ్లినాటి ఆ తెల్లబట్టే, ఆమె చివరి ప్రయాణానికీ తోడు.

చివరికి ఒక తెల్లవారుజామున ఆమె పుట్టింటికి బయల్దేరుతుంది. ఒక దుప్పటి ఒంటి మీద. రెండోదీ, నడికట్టూ రెల్లుచాపలో చుట్టి రెండు చేతుల మీద. నడికట్టు కుచ్చులు మాత్రం చాపలో పట్టవు. బయటికి వేలాడుతూ, అడుగడుక్కీ ఊగుతూ, ఆమెతో పాటు ఊళ్లోకి వస్తాయి.