ఏటి యొడ్డునుండి ప్రయోగశాలదాక

పటాన్‌చెరు పరిశ్రమల దాపున పాఱి మంజీరలో గలియు నక్కవాగునుండి ఒక సీసా నీరు ముంచి హైదరాబాదునకు గొనిపోవుట యేమంత పని యని పైకి దోచును. కాని సీసాలో బడినంతమాత్రమున నీరు మారకుండునా? అందలి సూక్ష్మజీవులు మురికిని దినుచు ప్రాణవాయువును వెచ్చించుచునే యుండును. కరగిన లోహములు సీసా గోడల నంటుకొనును. అమ్మోనియా నైట్రేటుగా మాఱును. కావున సాయంకాలమునకు రసాయనజ్ఞుని బల్లపైకి వచ్చునది ఉదయము వాగులో బాఱిన నీరే యని చెప్పుటకు, ఒడ్డున నిలిచి సీసా నింపినవాని నేర్పుతప్ప వేఱాధారము లేదు. ప్రయోగశాలలోని యంత్రములను గొనియాడు మనము ఈతని పనిని కూలిపనిగా జూచుట న్యాయము గాదు.

ఈ విద్యలో మిక్కిలి సొగసైన ఘట్టము, నీట గరగిన ప్రాణవాయువును పట్టి నిలుపుట. హంగరీ రసాయనజ్ఞుడు లాయోష్ వింక్లర్ 1888లో ప్రకటించిన పద్ధతి స్వల్పమైన మార్పులతో నేటికిని నడచుచున్నది. 300 మిల్లీలీటర్ల సీసాను ఒక్క బుడగయు మిగులకుండ నింపి, పిప్పెట్టు కొనను నీటిలోనికి దించి మాంగనస్ సల్ఫేటును, పిమ్మట క్షారముతో గూడిన అయొడైడును వదలి, గాజుబిరడా బిగించి, సీసాను పలుమాఱులు తలక్రిందులు చేయగా, ప్రాణవాయువున్న నీటిలో గోధుమవన్నె మడ్డి మబ్బువలె విరిసి మెల్లగా అడుగునకు దిగును. లేనినాడు ఆ మడ్డి తెల్లగానే యుండును. వాగు చచ్చినదో బ్రదికియున్నదో ఒడ్డుననే కంటికి దెలిసిపోవునన్నమాట. పిదప ఆమ్లము పోయగా మడ్డి కరగి, పట్టువడిన ప్రాణవాయువునకు సరిపడు అయొడిన్ వెలువడి నీరు పసుపెక్కును; దానిని థయోసల్ఫేటుతో గొలుతురు.

అయితే ఒకదానిని గాచు మందే మఱియొకదానికి మృత్యువు. లోహముల సీసాలో నైట్రికామ్లము వేసి పీహెచ్‌ను 2కు దిగువకు దెచ్చినచో, పాదరసమువంటి కొన్ని తప్ప తక్కినవి ఆఱు నెలలవఱకు నిలుచును. అదే ఆమ్లము సయనైడున్న నీటికి దగిలెనా, అది విషవాయువై నమూనాను విడిచిపోవుటయేగాక సీసా పట్టినవాని ప్రాణమునకే ముప్పు దెచ్చును. కావున దానికి సోడియం హైడ్రాక్సైడు చేర్చి పీహెచ్‌ను 12 దాటింతురు. నూనె, గ్రీజుల పరీక్షకు గాజుసీసాయే కావలెను. దానిని సైతము ఆ నీటితో ముందుగా దొలుపరాదు, తొలిచినచో నూనె గోడలకు బట్టి లెక్క పెరుగును. కుళాయినీటిలో క్రిములను వెదకు సీసాలో ముందే థయోసల్ఫేటు వేసి యుంచుట, దారిపొడవునను క్లోరిన్ క్రిములను జంపుచు కల్మషమును మఱుగుపఱుపకుండుటకే. ఇట్లు ఒక్క తావుననే ఐదాఱు సీసాలు నింపవలసి వచ్చును. మురికిని దినుచు క్రిములు వెచ్చించు ప్రాణవాయువును గొలుచు బీఓడీ పరీక్షకై నింపిన సీసాకు మాత్రము ఏ మందును బనికిరాదు. మన దేశమున 27 డిగ్రీలవద్ద మూడు దినములుంచి కొలుచునది ఆ క్రిముల యాకలినే గదా! వానిని జంపక నిద్రపుచ్చవలెను. ఐసుపెట్టెలో, చీకటిలో, 4 డిగ్రీల చల్లదనము చాలును.

పీహెచ్, ఉష్ణోగ్రత, మిగులు క్లోరిన్ ఏ యుపాయమునకును లొంగవు. అక్కడికక్కడే కొలిచి వ్రాసికొనవలసినదే. పీహెచ్‌ను మఱునాడు ప్రయోగశాలలో గొలిచిన నివేదికను నేను అనుమానముతోనే చదువుదును.

మే నెల యెండలో ఐసు కరగి, ఆ నీటిలో సీసాలు దేలి, లేబిళ్లపై సిరా కాఱిపోవుట కలదు. అనుభవజ్ఞులు చెఱగని సిరాతో వ్రాసి పైన పారదర్శకమైన టేపు నంటింతురు. ఇది చిన్న సంగతి గాదు. 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టపు 21వ సెక్షను ప్రకారము, వ్యర్థజలపు నమూనాను పరిశ్రమవారి యెదుట రెండు భాగములు చేసి, గుర్తులు వేసి, సీలు చేసి, ఇరుపక్షములవారును సంతకములు చేయవలెను; ఆ విధి తప్పిన నమూనా ఫలితము న్యాయస్థానమున సాక్ష్యముగా జెల్లదు. కాని సీలు చెక్కుచెదరకుండ వచ్చినను, దిట్టయైన రసాయనజ్ఞుడు మొదట చూచునది సంతకములను గాదు. పెట్టెలో థర్మామీటరు పెట్టి, ఆమ్లము వేసిన సీసా పీహెచ్‌ను కాగితపుముక్కతో సరిచూచి, నమూనా తీసిన వేళను, తనకు ముట్టిన వేళను రిజిస్టరులో బ్రక్కప్రక్కన వ్రాసి, కాలము మీఱినదైనచో దానిని త్రిప్పిపంపును.