టెలివిజన్‌ను నడిపించువాడెవడు?
స్మార్ట్ టీవీ నిర్వహణ వ్యవస్థలపై ఒక విమర్శ

టెలివిజన్ కొనబోవు కుటుంబము దుకాణములో అడుగుపెట్టగానే మొదట చూచునది తెర. అది ఎన్ని అంగుళములు, బొమ్మ ఎంత కాంతివంతముగా నున్నది, ధర ఎంత, పాతదానికి ఎంత తగ్గింతురు అను నాలుగు ప్రశ్నలతో బేరము ముగియును. ఆ తెర వెనుక నుండి యంత్రమును నడిపించు నిర్వహణ వ్యవస్థ, అనగా ఆపరేటింగ్ సిస్టమ్, ఏదియో అడుగువారు అరుదు. దాని గుర్తు అట్టపెట్టె మీద ఒక మూల చిన్నదిగా ముద్రింపబడి యుండును. అమ్మువాడు దానిని గూర్చి, "అన్ని యాపులూ వస్తాయండీ" అను ఒక్క మాటతో సరిపెట్టును. కాని నాలుగైదేండ్ల తరువాత ఇంటివారు విసుగుకొనునది తెర మీద కాదు, ఆ వ్యవస్థ మీదనే. తెర అప్పటికిని చక్కగనే యుండును; మీట నొక్కిన తరువాత బొమ్మ వచ్చులోపల ఓపిక నశించును.

ఈ వ్యవస్థలను పోల్చుటకు ప్రకటనలలో సామాన్యముగా వాడు కొలబద్ద యాపుల సంఖ్య, ముఖపుట అందము. ఈ కొలబద్ద చాలదు. కొనువాడు అడుగవలసిన ప్రశ్నలు మూడు: ఆ వ్యవస్థ ఎంతకాలము బ్రదుకును? అది ఎవరి కొరకు పనిచేయును? వద్దన్నచో ఊరకుండునా?

ఒకే విత్తు, వేరువేరు చెట్లు

భారతదేశపు అంగడిలో ముఖ్యముగా కనబడు వ్యవస్థలు నాలుగు. గూగుల్ వారి ఆండ్రాయిడ్ టీవీ 2014లో వెలువడెను. 2010 నాటి గూగుల్ టీవీ ప్రయత్నము ఫలింపకపోగా దాని స్థానమున వచ్చినది ఇది. 2020 నుండి దీనికే క్రొత్త ముఖపుట తొడిగి మరల గూగుల్ టీవీ అను పేరు పెట్టిరి. సోనీ, టీసీఎల్, షియోమీ మున్నగు తయారీదారులు దీనిని వాడుచున్నారు. రెండవది ఎల్‌జీ వారి వెబ్‌ఓఎస్. ఇది 2009లో పామ్ సంస్థవారు చేతిఫోను కొరకు నిర్మించినది. తరువాత హెచ్‌పీ చేతికిని, 2013లో ఎల్‌జీ చేతికిని వచ్చి, 2014 నుండి టెలివిజన్లలో స్థిరపడెను. మూడవది టైజెన్. దీనిని సామ్‌సంగ్ వారు 2015 నుండి తమ టెలివిజన్లలో పెట్టుచున్నారు. నాలుగవది అమెజాన్ వారి ఫైర్ టీవీ. ఇది ఆండ్రాయిడ్ నుండియే చీలిన శాఖ. ఇవి గాక హైసెన్స్ వారి విడా, 2025లో వచ్చిన జియోటెలీ ఓఎస్ మొదలగునవి కలవు. అమెరికాలో మిక్కిలి ప్రచారమున నున్నది రోకు.

విద్యార్థులు గమనింపదగిన విశేష మొకటి యున్నది. పై నాలుగింటికిని మూలాధారము లైనక్స్ అను ఒకే కెర్నెల్. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన ఆ విత్తు నుండియే ఈ చెట్లన్నియు మొలచినవి. కనుక "మా వ్యవస్థ సాంకేతికముగా వేరు జాతిది" అని ఎవరైన చెప్పినచో అందు అతిశయోక్తి కలదు. తేడా వేరులో లేదు. దాని పైన ఎవరు ఏమి కట్టిరి, ఎందులకు కట్టిరి అనుటలో నున్నది.

వేగము: ఒక చిన్న లెక్క

టెలివిజన్ ఏల మందగించును? 4కే తెర మీద అడ్డముగా 3840, నిలువుగా 2160 చుక్కలు ఉండును. హెచ్చించినచో 82,94,400. ఒక్కొక్క చుక్క రంగును సాధారణముగా 4 బైట్లలో దాచుదురు. అనగా ఒక్క బొమ్మకు 3,31,77,600 బైట్లు, ఇంచుమించు 33 మెగాబైట్లు కావలెను. సెకనుకు 60 బొమ్మలు గీయవలసివచ్చినచో, సెకనుకు సుమారు 200 కోట్ల బైట్లు జ్ఞాపకములోనికి వ్రాయవలెను. ఈ భారము తప్పించుకొనుటకే పెక్కు 4కే టెలివిజన్లు తమ పట్టికలను 1920 × 1080 చుక్కలలో గీసి, పెద్దవిచేసి చూపును. అప్పుడు పని నాలుగవ వంతుకు తగ్గును. సినిమా మాత్రము పూర్తి స్పష్టతతో వేరు మార్గమున వచ్చును.

ఇట్టి యంత్రములో జ్ఞాపకశక్తి, అనగా ర్యామ్, 1 జీబీ మాత్రమే యున్నచో అందులో వ్యవస్థకు కొంత, వీడియో విప్పుటకు కొంత పోగా యాపులకు మిగులునది స్వల్పము. చోటు చాలనప్పుడు వ్యవస్థ వెనుకనున్న యాపును మూసివేయును. పాఠము మధ్యలో మరియొక దానిని తెరచి తిరిగివచ్చుసరికి మొదటిది మరల ఆదినుండి మొదలగుట ఇందువలననే. ముఖపుట నిండ కదలాడు ప్రకటన బొమ్మలు గూడ ఈ చోటునే తినును. కావున 4కే తెరకు 2 జీబీకి తక్కువైన ర్యామ్‌తో అమ్ము యంత్రమును, అది ఏ వ్యవస్థదైనను, అనుమానముతో చూడవలెను. ఈ సంఖ్యను అట్టపెట్టె మీద పెద్ద అక్షరములతో వేయకపోవుట తయారీదారులందరి లోపము.

ఆయువు

తెర పది సంవత్సరములు పనిచేయవచ్చును. వ్యవస్థకు అంత ఆయువు లేదు. 2019 డిసెంబరు 1 నుండి, 2010, 2011 నమూనాలకు చెందిన కొన్ని సామ్‌సంగ్ టెలివిజన్లలో నెట్‌ఫ్లిక్స్ ఆగిపోయెను. రోకు వారి కొన్ని పాత పెట్టెలకును ఇదే గతి పట్టెను. ఆ యంత్రములు చెడలేదు. వాటి లోపలి వ్యవస్థ పాతబడెను.

ఇటీవల ఈ విషయమున కొంత మార్పు కనబడుచున్నది. 2024లో సామ్‌సంగ్ వారు తమ క్రొత్త నమూనాలకు ఏడు సంవత్సరముల వరకును, ఎల్‌జీ వారు ఐదు సంవత్సరముల కాలములో నాలుగు పర్యాయములును వ్యవస్థను నవీకరింతుమని ప్రకటించిరి. ఇది మెచ్చదగిన మాట. గూగుల్ టీవీ విషయమున చిక్కు వేరు. వ్యవస్థను వ్రాయువాడు ఒకడు, యంత్రమును కట్టువాడు మరియొకడు. గూగుల్ క్రొత్త రూపమును విడుదల చేసినను, తయారీదారు దానిని తన యంత్రమునకు అమర్చి పంపినప్పుడే అది ఇంటికి చేరును. కనుక ఒకే గూగుల్ టీవీ గుర్తు గల రెండు టెలివిజన్ల ఆయువు ఒక్కటి కాదు. ఇక్కడ వ్యవస్థ పేరుకన్న తయారీదారు నడవడి ముఖ్యము.

చూచువానిని చూచు తెర

1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు భారతదేశములో సైట్ అను ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగము జరిగెను. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు ఏటీఎస్–6 ఉపగ్రహము ద్వారా కార్యక్రమములు చేరెను. తెలుగు పల్లెలు ఆ పెట్టె ముందు కూర్చుండి చూచెను. ఆ పెట్టె మాత్రము పల్లెను చూడలేదు. సంకేతము ఒకే దిక్కున ప్రయాణించెను. నేటి టెలివిజన్‌లో సంకేతము రెండు దిక్కుల నడచుచున్నది.

దీని పద్ధతి ఇట్టిది. తెర మీద కనబడు బొమ్మ నుండి వ్యవస్థ కొన్ని చుక్కలను ఏరి, వాటి నుండి ఒక సంఖ్యల వరుసను తయారుచేయును. మనుష్యుని వేలిముద్ర వంటిది ఆ వరుస. దానిని ఇంటర్నెట్ ద్వారా దూరపు కంప్యూటర్లకు పంపును. అచ్చట లక్షల కార్యక్రమముల వేలిముద్రలు సిద్ధముగా నుండును. పోల్చి చూచి, ఏ యింటిలో ఏ క్షణమున ఏమి చూచుచున్నారో తెలిసికొందురు. దీనిని ఏసీఆర్ అందురు. బొమ్మ కేబుల్ పెట్టె నుండి వచ్చినను, ల్యాప్‌టాప్ నుండి వచ్చినను ఇది పనిచేయగలదు. ఏలనన అది పట్టుకొనునది తెర మీది బొమ్మను.

ఇది ఊహ కాదు. విజియో అను తయారీదారు సుమారు 1.1 కోట్ల టెలివిజన్ల నుండి, యజమానుల స్పష్టమైన అనుమతి లేకయే, క్షణక్షణపు వీక్షణ వివరములను సేకరించెనని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగము మోపగా, 2017 ఫిబ్రవరిలో ఆ సంస్థ 22 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడెను. లండన్ యూనివర్సిటీ కాలేజీ మొదలగు విద్యాసంస్థల పరిశోధకులు సామ్‌సంగ్, ఎల్‌జీ టెలివిజన్లను పరీక్షించి 2024లో ప్రకటించిన వ్యాసములో రెండు సంగతులు తేలినవి. టెలివిజన్‌ను కేవలము కంప్యూటరు తెరగా వాడినప్పుడును ఏసీఆర్ సంకేతములు వెడలుచుండెను. సెట్టింగులలో నిరాకరించినప్పుడు అవి ఆగిపోయెను. మొదటిది దోషము, రెండవది ఊరట. ఐతే ఆ నిరాకరణ మీటలకు "వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్", "లైవ్ ప్లస్" వంటి పేర్లు పెట్టిరి. "మీరు చూచునది మేము గమనింతుము" అని తేటగా వ్రాసియున్నచో ఎందరు ఒప్పుకొందురు?

ఇందులకు కారణము లాభము. రోకు సంస్థ లెక్కలను చూచినచో దాని ఆదాయములో అత్యధిక భాగము ప్రకటనలు మొదలగు వాటి నుండి వచ్చుచున్నది. పెట్టెల అమ్మకము మీద ఇటీవలి సంవత్సరములలో నష్టమే. టెలివిజన్ చౌకగా దొరకుటకు ఇది ఒక కారణము. తగ్గిన ధరలో కొంత భాగమును చూచువాడు తన చూపుతో చెల్లించుచున్నాడు.

ఎన్నుకొను స్వేచ్ఛ

అంగడిలో పలు పేర్లు కనబడినంతమాత్రమున పోటీ నిండుగా నున్నదని తలపరాదు. భారత పోటీ కమిషన్ విచారణలో, గూగుల్ ఒప్పందములు తయారీదారులను తన యాపులన్నిటిని ఒకే కట్టగా పెట్టుకొనునట్లును, ఆండ్రాయిడ్ నుండి చీలిన ఇతర వ్యవస్థలతో యంత్రములు చేయకుండునట్లును నిర్బంధించుచున్నవను విషయము చర్చకు వచ్చెను. 2025 ఏప్రిల్‌లో ఈ వ్యాజ్యము రాజీతో ముగిసెను. గూగుల్ 20.24 కోట్ల రూపాయలు చెల్లించుటకును, భారతదేశములో తన యాపుల భాండారమును కట్ట విప్పి విడిగా ఇచ్చుటకును అంగీకరించెను. ఈ రాజీ ఫలము దుకాణపు అలమరలలో కనబడినప్పుడే దాని విలువ తెలియును.

తీర్పు

గూగుల్ టీవీకి యాపుల సమృద్ధి గొప్ప బలము. తెలుగువారి ఆహా, ఈటీవీ విన్ వంటివి వెదకుకొనుట సులభము. సూచనలను తొలగించి యాపులను మాత్రమే చూపు పద్ధతియు, ఇంటర్నెట్ లేకయే మామూలు టెలివిజన్‌గా వాడుకొను "బేసిక్ టీవీ" పద్ధతియు ఇందున్నవి. మూడవ ప్రశ్నకు ఇంత చక్కని సమాధానము కలిగియుండుట దీని సుగుణము. తక్కువ ర్యామ్ గల చౌక యంత్రములలో మందగించుట దీని దుర్గుణము. వెబ్‌ఓఎస్ పొందికైనది, గాలిలో కదపి తెర మీద గురిచూచు దాని రిమోట్ వృద్ధులకు సైతము త్వరగా అలవడును. టైజెన్ ఆయువు హామీలో ముందున్నది. కాని ఈ రెండింట ముఖపుట నానాటికి అంగడి వీధిని పోలుచున్నది. పై పరిశోధనలో పట్టుబడినవియు ఈ రెండే. ఫైర్ టీవీ ముఖపుటలో యజమాని ఎన్నుకొన్న దానికన్న అమెజాన్ అమ్మదలచినది ముందు కనబడును. అమెజాన్ చందాదారునకు ఇది అనుకూలము, ఇతరులకు కాదు.

దుకాణములో పది నిమిషములు వినియోగించినచో ఈ తీర్పును ఎవరికి వారే పరీక్షింపవచ్చును. యంత్రమును ఆపి మరల వెలిగించి, ముఖపుట వచ్చువరకు సెకనులు లెక్కింపవలెను. నమూనా ఏ సంవత్సరముదో, ర్యామ్ ఎంతో అడుగవలెను. భాషల పట్టికలో తెలుగు ఉన్నదేమో చూడవలెను. రిమోట్‌లో "కిరణజన్య సంయోగక్రియ" అని పలికి, ఏమి వెదకి తెచ్చునో గమనింపవలెను. తెలుగు పేరుగల వీడియోను యూఎస్‌బీలో తీసికొనిపోయి ఆడించి చూడవలెను. తుదకు వైఫైని తొలగించి, అప్పుడును అది సణగక పనిచేయునేమో పరీక్షింపవలెను.

ఈ పరీక్ష ఇండ్లకన్న పాఠశాలలకు ఎక్కువ అవసరము. ఆంధ్రప్రదేశ్‌లో నాడు–నేడు కార్యక్రమము క్రింద ప్రభుత్వ పాఠశాలలకు స్మార్ట్ టీవీలును, ఇంటరాక్టివ్ ప్యానెళ్లును చేరినవి. తరగతిలోని తెర ముందు కూర్చుండువారు పిల్లలు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, 18 సంవత్సరములు నిండనివారి జాడ తీయుటను, వారి ప్రవర్తనను గమనించుటను, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపుటను నిషేధించుచున్నది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడెను. ముఖ్య బాధ్యతల అమలునకు 18 నెలల గడువు ఇచ్చిరి. చట్టము చేతికందువరకు ఉపాధ్యాయుడు చేయదగిన పని సులభమైనదే. పాఠములను యూఎస్‌బీలోనో ల్యాప్‌టాప్‌లోనో సిద్ధపరచుకొని, టెలివిజన్‌ను ఇంటర్నెట్‌కు కలుపకయే వాడవచ్చును. కలుపక తప్పనిచో సెట్టింగులు తెరచి, ఏసీఆర్‌కును ప్రకటనలకును ఇచ్చిన అనుమతులను రద్దుచేయవలెను. పదవ తరగతి విద్యార్థికి ఆ మీటలు వెదకు పనిని అప్పగించినచో, అతడు ఐదు నిమిషములలో కనుగొనును. అవి ఏల అక్కడ ఉన్నవో చెప్పుట ఉపాధ్యాయుని పని.