‘అయినా’ అనే అపస్వరం

బోయిగూడలో సాయంత్రమయ్యేసరికి చప్పుళ్లు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. టింబర్ డిపోలో రంపం, స్టేషన్ నుంచి రైలు కూత, మసీదు మైకులో మగ్రిబ్ అజా, గుడి గంట, బరాత్ ముందు బ్యాండు. ఇక్కడ పెరిగిన చెవులకు ఏది ఎక్కడి చప్పుడో చూడకుండానే తెలుస్తుంది. అయితే ఈ చెవులకు ఇంకో అలవాటు కూడా అబ్బింది. విన్న ప్రతి శబ్దానికీ మతం అంటగడతాయి. షెహనాయి తురకలది, నాదస్వరం హిందువులది అనుకుంటాయి. ఆ అలవాటు మాకూ ఉందని ఈమధ్య మా గల్లీ పక్కన ఒక పెళ్లిలో తెలిసొచ్చింది.

ముహూర్తం అయ్యింది. గట్టిమేళం ఆగింది. నాదస్వరం ఊదిన పెద్దాయన ఒక మూల కూర్చుని పీక తుడుచుకుంటున్నాడు. డోలు కొట్టిన కుర్రాడు ఆయన్ని ‘బాబా’ అని పిలవడం మా చెవిన పడింది. దగ్గరికెళ్లి ‘సలామాలేకుం’ అన్నాం. ఆయన ఒకసారి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, ‘వాలేకుం సలామండీ’ అన్నాడు. ‘కహాఁ సే ఆయే భాయ్?’ అని అడిగాం.

‘మాకు ఉర్దూ రాదండీ. మాది చిలకలూరిపేట వైపు.’

‘ముసల్మాను అయ్యుండి ఉర్దూ రాదా?’

ఆ మాట మా నోటి నుంచే వచ్చింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు మాకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది. ఎందుకంటే అలాంటి మాటలు మేము రోజూ పడుతున్నవే. ‘మీరు తెలుగు భలే మాట్లాడతారే!’ అని మెచ్చుకునేవాళ్లు ఎంతమంది! అందులో పైకి వినపడని మాట ఒకటుంది: ‘ముస్లిం అయినా’.

ముందు శబ్దం సంగతి చూద్దాం. బడిలో చదువుకున్నదే. ధ్వనికి స్థాయి, తీవ్రత, గుణం అని మూడు లక్షణాలు. ఒకే ‘స’ను ఒకే స్థాయిలో, ఒకే తీవ్రతతో వేణువు మీదా వయొలిన్ మీదా నాదస్వరం మీదా పలికించినా ఏది ఏదో పోల్చుకుంటాం. మూలస్వరం వెంట వచ్చే అతిస్వరాల పాళ్లు ఒక్కో వాద్యానికి ఒక్కోలా ఉండటమే దానికి ముఖ్య కారణం. ఇప్పుడు షెహనాయిని, నాదస్వరాన్ని పక్కపక్కన పెట్టండి. రెండింటికీ జంట రేకుల పీకే. రెండింటి గొట్టమూ కిందికి పోనుపోను వెడల్పవుతుంది. నాదస్వరం పొడవెక్కువ, రెండు రెండున్నర అడుగులుంటుంది. గుడి వీధి చివరిదాకా వినపడాలి కాబట్టి దాని గొంతు పెద్దది. షెహనాయి పొట్టిది, గొంతు సన్ననిది. తమిళనాడు నరసింగంపేటలో పాత ఇళ్ల నుంచి తీసిన ఆచా కర్రతో నాదస్వరం చేస్తారు. ఆ పనితనానికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కర్ర, పీక, గొట్టం కొలత, ఊదేవాడి ఊపిరి. తేడా అంతా వీటిలోనే ఉంది. మతానికి చోటెక్కడ?

మాటలు చూసినా అంతే. తెలుగువాడి సన్నాయిలో ఫారసీ ‘నాయ్’ ఉంది. గుళ్లో మోగే నగారా అరబ్బీ ‘నక్కారా’. వయొలిన్ యూరప్ నుంచి వచ్చి రెండొందల ఏళ్లుగా కర్ణాటక కచేరీలో కూర్చుంది. దాన్ని ‘క్రైస్తవుల వాద్యమైనా’ అని ఎవరైనా అన్నారా? హార్మోనియమూ యూరప్‌దే. దాని మెట్లు స్వరానికీ స్వరానికీ మధ్య జారలేవు, గమకం పలకలేవు. 1940లో ఆలిండియా రేడియో దాన్ని వెలేసింది. 1971లో గానీ తలుపు తెరవలేదు. ఆ అభ్యంతరంలో రాజకీయమూ ఉంది, కానీ కనీసం సంగీతం గురించి మాట్లాడారు. అదే హార్మోనియం దర్గాలో కవ్వాలీకీ భజన మందిరానికీ పద్యనాటకానికీ శ్రుతి ఇస్తూనే ఉంది. వాద్యాలకు లేని అడ్డు మనుషులకే వచ్చింది.

షేక్ చినమౌలానా గారి సంగతి చూడండి. 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో నాదస్వర విద్వాంసుల ఇంట పుట్టారు. నాచ్చియార్‌కోయిల్ రాజం, దొరైకణ్ణు సోదరుల దగ్గర తంజావూరు బాణీ నేర్చుకున్నారు. శ్రీరంగంలో స్థిరపడి శిష్యుల్ని తయారుచేశారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి అందుకున్నారు. మరుసటి ఏడాదే కన్నుమూశారు. ఒక తెలుగువాడు తమిళ దేశం వెళ్లి వాళ్ల బాణీనే వాళ్లు మెచ్చేలా ఊదడం చిన్న విషయం కాదు. ఆంధ్ర వాయింపుకీ తంజావూరు వాయింపుకీ తేడా ఏమిటి? ఆయన రాగాన్ని ఎలా విస్తరించేవారు? తెలుగులో ఆయన మీద మేము చదివిన వ్యాసాల్లో ఈ ప్రశ్నలు అరుదు. ‘ముస్లిం అయినా రామభక్తుడు’ అన్న ఆశ్చర్యం దగ్గరే వ్యాసం ఆగిపోతుంది.

ఈ పాపంలో మాకూ వాటా ఉంది. 2020లో చినమౌలానా శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు పద్మశ్రీ వచ్చినప్పుడు మేము రాసిన వార్త శీర్షికలోనూ ఆ ‘అయినా’ ఉంది. ఆడవాళ్లు అరుదుగా పట్టే వాద్యాన్ని కాలీషాబీ గారు పట్టారు. ఆ సంగతి కింద ఎక్కడో ఒక్క వాక్యంలో సరిపెట్టాం. భద్రాచలం రాముడి గుళ్లో ఏళ్లతరబడి నాదస్వరం ఊదిన గోసవీడు షేక్ హసన్ గారికి 2022లో, పోయాక, పద్మశ్రీ వచ్చింది. అప్పుడూ అదే ఆశ్చర్యం. తాతల నాటి నుంచి చేస్తున్న పని ప్రతి తరంలోనూ వింతేనా?

పొగడ్తలో దాగిన ఈ ‘అయినా’ పొగడ్త లేనిచోట పళ్లు చూపిస్తుంది. ఒకసారి సికింద్రాబాద్‌లో అద్దె ఇంటికోసం ఫోన్ చేశాం. అవతలివాళ్లు మా తెలుగు విన్నారు, అద్దె చెప్పారు, సాయంత్రం రమ్మన్నారు. చివర్లో పేరడిగారు. చెప్పగానే ఇల్లు ‘నిన్ననే’ ఎవరికో ఇచ్చేశామన్నారు. మా గొంతు మారలేదు, భాషా మారలేదు. పేరు తెలియగానే అదే గొంతు వాళ్లకు పరాయిదైపోయింది.

ఇక మా ఇంటి సంగతి. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల మాతృభాష తెలుగు. పత్తి ఏకడం వాళ్ల కులవృత్తి. ఉర్దూ మాట్లాడే మేము వాళ్లను ఏనాడైనా పూర్తి ముసల్మానులుగా చూశామా? సంబంధం కలుపుకున్నామా? సంగీతం హలాలా హరామా అన్న వాదన ఉలమాల మధ్య శతాబ్దాలుగా తెగలేదు. అది తెగకుండానే మనవాళ్లలో చాలామంది కవ్వాలీకి తల ఊపారు. హైదరాబాద్ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి 1971లో పద్మశ్రీ వస్తే మావాడని చెప్పుకున్నారు. గుళ్లో ఊదేవాణ్ని మాత్రం పక్కచూపు చూశారు. వాళ్లు ‘ముస్లిం అయినా’ అన్నారు, మేము ‘ముస్లిం అయ్యుండీ’ అన్నాం. ఆ పెద్దాయన సలాముకు జవాబిచ్చే ముందు అటూ ఇటూ చూసింది ఒక్క పెళ్లివారి కోసమే కాదేమో. మమ్మల్ని కూడా అంచనా వేసుకుని ఉంటాడు.

లౌకికవాద మిత్రులకు ఒక మాట. మతసామరస్యానికి ఉదాహరణలు కావాలని మీరు ఈ కళాకారుల్ని వెతుక్కుంటారు. మీ ఉద్దేశం మంచిదే. కానీ ఉదాహరణగా నిలబడటం వాళ్ల వృత్తి కాదు. వాళ్ల వృత్తి నాదస్వరం. వాళ్ల బాణీ రాయండి, గురువుల పేర్లు రాయండి, పెళ్లికి ఎంతిస్తున్నారో, ముసలితనంలో ఊపిరి చాలనప్పుడు ఎలా బతుకుతున్నారో రాయండి. ముస్లిం అని కూడా రాయండి, దాచమనడం లేదు. ‘అయినా’ తీసేయండి.

ఆ రోజు సిగ్గుపడి మేము పెద్దాయన పక్కనే కూర్చున్నాం. ఏం మాట్లాడాలో తోచక పీక గురించి అడిగాం. ఆయన ముఖం మారిపోయింది. ‘వానాకాలం ఒకలాగా పలుకుద్ది, ఎండల్లో ఒకలాగా పలుకుద్దండీ. పెదవికి తెలియాల’ అంటూ సంచిలోంచి నాలుగు పీకలు తీసి ఒక్కొక్కటే ఊది వినిపించాడు. నాలుగూ నాలుగు రకాలుగా పలికాయి. పెళ్లివారి పిల్లలు కూడా వచ్చి చుట్టూ చేరారు. ఆయన పేరు ఎవరూ అడగలేదు. వెళ్లేముందు మేము అడిగాం. ఈసారి అటూ ఇటూ చూడకుండా చెప్పాడు.