కొండాపూర్ అచ్చుపనివాళ్లకు ఒక దండం

మైలార్‌దేవ్‌పల్లి, కాటేదాన్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు అచ్చు సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. రెండు సగాలు సరిగ్గా కూర్చోకపోతే సరుకు రిజెక్టే. అదే విద్యలో రెండు వేల ఏళ్ల కిందట ఆరితేరినవాళ్ల పని చూడాలంటే సంగారెడ్డి దాటి కొండాపూర్ మ్యూజియానికి వెళ్లాలి.

అక్కడి పాటిగడ్డ అనే దిబ్బను 1940-41లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తవ్వించింది. ఖ్వాజా మహమ్మద్ అహ్మద్ ఆధ్వర్యంలో శాతవాహనుల కాలపు ఇళ్లు, బౌద్ధ కట్టడాలు, నాణేలు, పూసలు బయటపడ్డాయి. ఇప్పుడు మ్యూజియాన్ని భారత పురావస్తు సర్వేక్షణ శాఖ చూసుకుంటోంది.

వచ్చినవాళ్లు ఎక్కువగా నాణేల దగ్గర ఆగుతారు. నా ఓటు మాత్రం కేయోలిన్ అనే తెల్లమట్టితో చేసిన బొమ్మలకే. మెత్తని మట్టిని ముందు భాగానికొక అచ్చులో, వెనుక భాగానికొక అచ్చులో అదిమి, రెండింటినీ అతికేవారు. లోపల బోలుగా వదిలేవారు. గట్టిముద్దగా ఉంటే బొమ్మ కాల్చేటప్పుడు పగిలిపోవచ్చు. జుట్టుముడి, చెవికమ్మల గీతలు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి. రోమన్ నాణేన్ని చూసి మట్టిలో ఒత్తిన పతకాలు కూడా ఇక్కడ దొరికాయి. రోమ్ చక్రవర్తి ముఖం మన దక్కనులో నగగా మారిందన్నమాట!

రాజుల పేర్లు నాణేల మీద ఉన్నాయి. ఈ పనివాళ్ల పేర్లు మనకు దక్కలేదు, పనితనం దక్కింది. పిల్లల్ని తీసుకెళ్లండి. బొమ్మ పక్కన అతుకు ఎక్కడుందో వెతకమనండి. శుక్రవారం మాత్రం వెళ్లకండి, మ్యూజియానికి సెలవు.